మామ పడవలో ట్యూబ్‌లైటు

1992, మాఘ బహుళ త్రయోదశి, మధ్యాహ్నం. కొల్లాపూర్ దాటి కృష్ణ ఒడ్డున మా అత్తగారి ఊరు. ఉన్నవారు: పడవ యజమాని మా మామ, ఆయన పెద్దకూతురైన నా భార్య, ఆమె చెల్లెలి భర్త, అంటే నా సడ్డకుడు, తెరచాప చూసే సరంగు, నేను.

ఆనాటి డైరీ ఇలా మొదలవుతుంది. మరునాడు శివరాత్రి, అవతలి ఒడ్డున జాతర. ఏటా ఆ ఉదయం మామ పడవ కొత్తగా తారు పూసుకుని మొదటి ప్రయాణం చేసేది. తెరచాప ఎత్తే ముందు పడవ ముందు కొసన పెద్దల్లుడు కొబ్బరికాయ కొట్టాలి. అది ఆ ఇంటి పద్ధతి. పెళ్ళైన ఏడాది నుంచి నేనే కొడుతున్నాను. ఒక్క దెబ్బకు కాయ రెండు చెక్కలైతే ఒడ్డు మీద జనమంతా చూస్తుండగా సరంగు "శభాష్ సాబ్!" అని అరిచేవాడు. కరెంటాఫీసులో ఏడాది పొడుగునా పనిచేసినా నన్ను శభాష్ అన్నవాడు లేడు.

ఈసారి ఆ కాయ నా చేయి దాటిపోయింది.

మా సడ్డకుడికి మహబూబ్‌నగర్ బస్టాండు దగ్గర రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం ఉంది. నెల కిందట వచ్చి పడవలో లారీ బ్యాటరీ, చార్జరు, తాను సొంతంగా చేసిన ఇన్వర్టరు పెట్టి పోయాడు. పడవ ఒడ్డున కట్టి ఉన్నప్పుడు ఇంటి నుంచి తీగ లాగి బ్యాటరీ నింపుకోవాలి. నీళ్ళ మీదికి పోయాక ఇన్వర్టరు దాంతో ట్యూబ్‌లైటు వెలిగిస్తుంది. అప్పటిదాకా జాతర రాత్రులన్నీ పెట్రోమాక్స్ దీపంతోనే గడిచాయి. కరెంటాఫీసులో ఉండి నాకు ఆ ఆలోచన ఎందుకు రాలేదా అని నెలంతా కుమిలిపోయాను. అల్లుడంటే వాడే అని ఊరంతా అనుకుంటున్నదని నా భార్య చెప్పినప్పుడు కూర బాగాలేదని ఆమె మీద విసుక్కున్నాను.

ఆ రోజు అన్నాల దగ్గర మామ అన్నాడు, "ఈసారి కాయ చిన్నల్లుడు కొడ్తడు. లైటు తెచ్చినోడు గద."

"మంచిది మామా," అన్నాను. 

తిని పడవ దగ్గరికి పోయాం. సడ్డకుడు మీట నొక్కాడు. ఇన్వర్టరు తుమ్మెదలా జుంయ్‌మంది, ట్యూబు రెండు కొసల్లో ఎర్రగా మినుకుమని ఆరిపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే.

"గిదేనా లైటు? మా ఇంట్ల మిణుగురులు నయం," అన్నాడు సరంగు.

నాకు నవ్వొచ్చింది. అది దాచుకోవడానికి వంగి చెప్పు సర్దుకున్నాను.

సడ్డకుడు చెమట తుడుచుకున్నాడు. "బ్యాటరీనే పోయిందేమో. అన్నా, జర నువ్వు చూడరాదే!"

మామ నా వైపు చూశాడు. బాగైతే పేరు వాడికి, కాకపోతే పెద్దల్లుడికి కూడా చేతకాలేదంటారు. అయినా టెస్టరు, మీటరు పట్టుకుని కూర్చున్నాను. ఏదైనా ఒక కొస నుంచి వరసగా చూసుకుంటూ రావడం నా అలవాటు. ప్లగ్గులో కరెంటు ఉంది. ఫ్యూజు బాగుంది. చార్జరు దీపం వెలుగుతున్నది, కానీ దాని ముల్లు కదలడం లేదు. అంటే చార్జరు ఇస్తున్నా బ్యాటరీ తీసుకోవడం లేదు. మీటరు తీగలు బ్యాటరీ పైన పొడుచుకొచ్చిన సీసపు గుండ్ల మీదే ఆనించి లైటు వేయమన్నాను. మీటరు ముల్లు నిలబడింది. గుండ్లకు బిగించిన తీగల పట్టీల మీద ఆనించి మళ్ళీ వేయమన్నాను. ముల్లు కిందికి జారింది.

బ్యాటరీ పోలేదు, ఇన్వర్టరు పోలేదు. గుండుకు, పట్టీకి నడుమ ఏదో అడ్డం ఉంది. పట్టీలు విప్పాను. లోపల పసుపు. మందంగా, ఎండి, పొక్కు కట్టి ఉంది. పైన కుంకుమ మరక.

ఎవరు పెట్టారో వెంటనే తెలిసింది. ఇంటికి కొత్త వస్తువు వస్తే పెద్దబిడ్డ బొట్టు పెట్టాలి. బ్యాటరీ తెచ్చిన రోజు నా భార్య పుట్టింట్లోనే ఉంది.

సడ్డకుడు నా చెవి దగ్గరికి వంగాడు. "చూసిన అన్నా. అక్క పెట్టిన బొట్టు ఎట్ల తుడుస్త? మీదికెల్లే బిగించిన. గప్పుడు మంచిగనే వెలిగింది."

పసుపు తడిగా ఉన్నన్నాళ్ళు వెలిగి ఉంటుంది. వాడి పనిలో తప్పు దొరికిందని సంబరపడబోయి ఆగిపోయాను. నోరు తెరిస్తే నా భార్య పేరు బయటికి వస్తుంది.

గరుకు కాగితం తీసుకుని గీకడం మొదలుపెట్టాను.

"అయ్యో, బొట్టు గీకుతున్నవా? రేపు పండుగ వెట్టుకొని?" అన్నది నా భార్య.

"ఏమైంది?" అన్నాడు మామ. నేను గీకుతూనే ఉన్నాను.

సడ్డకుడు తడుముకోకుండా అన్నాడు, "నాదే తప్పు మామా. పట్టీలు సరిగ బిగియ్యలే."

పట్టీలు బిగించగానే చార్జరు ముల్లు లేచింది. మామ నా వీపు తట్టాడు. నా భార్య మాత్రం చెల్లెలి మొగుడి వైపు చూసి, "చాయ్ తాగుతవా తమ్మీ?" అన్నది. అంతసేపు ఎండలో వంగి చేసింది నేను. ఆ మాట నన్ను అడగలేదు. తప్పు తన మీద వేసుకోవడంలో కూడా వాడు నాకంటే ముందే ఉన్నాడు. ఆ సాయంత్రమంతా వాడి మంచితనం నాకు పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

"మరి రేపు కాయ?" అని సరంగే అడిగాడు.

"పొద్దుగాల చూద్దాం," అన్నాడు మామ.

మరునాడు తెల్లవారేసరికి బ్యాటరీ నిండింది. నా భార్య ఈసారి బ్యాటరీ చెక్కపెట్టెకు బొట్టు పెట్టింది. మామ కొబ్బరికాయ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"రాత్రి చిన్నోడే అన్నడు, అన్ననే కొట్టాలె, ఎప్పటి పద్ధతే ఉండనీ అని."

ఏడాదికొకసారి నాదయ్యే కాయ, వాడు ఇస్తే వచ్చింది. తీసుకున్నాను. ముందు కొసన నిలబడి బలంకొద్దీ కొట్టాను. ఒక్క దెబ్బకు రెండు చెక్కలు. తల ఎత్తాను. అదే సమయానికి సడ్డకుడు మీట నొక్కినట్టున్నాడు, పట్టపగలు ఎండలో ట్యూబ్‌లైటు తెల్లగా వెలుగుతున్నది. ఒడ్డు మీద జనం అంతా మెడలు చాచి చూస్తున్నారు.

సరంగు తెరచాప తాడు పట్టుకుని నన్ను కేకేశాడు. "సాబ్, జర పక్కకు జరుగు. లైటు కనవడ్తలేదంట మందికి!"