కాదనలేని యంత్రం

కంప్యూటరు కంటే దాన్ని చల్లబరిచే యంత్రమే ఎక్కువ చప్పుడు చేసే ఆ కాలంలో, కంప్యూటరుకు కొత్తరకం జ్ఞాపకశక్తిని, అదీ చౌకగా, తయారుచేసిన ఘనుడు కర్నూలులో ఒకడుండేవాడు. నేనే. (దేశంలోనే మొదటివాణ్ణని చెప్పుకుని తిరిగాను. జిల్లాలో ఎవరూ కాదనలేదు.) అప్పటి యంత్రాల్లో ఏ సంగతి కావాలన్నా అది దాచిన అర నంబరు చెప్పాలి. నందికొట్కూరులో బట్టల కొట్టు నడిపే మా బావకు ఆ బాధ లేదు. చీర కొంగు చూపిస్తే చాలు, కళ్లు సగం మూసుకుని, సరిపోయే రవికగుడ్డ మీద చెయ్యి వేసేవాడు. "యే అరలో ఉండాదో నాకేం తెల్సు బామ్మర్దీ, రంగు జూపిస్తే అదే పలుకుతాది" అనేవాడు. అలా పలికే యంత్రం చేయాలని వేసవంతా కలలు కన్నాను.

నేను పాఠాలు చెప్పే కాలేజీ ప్రిన్సిపాలు సుద్దముక్కలు దాచే గదిని నాకిచ్చి, "సెలవులయ్యేలోగా పన్జేసి జూపియ్యాల. ల్యాకుంటే గది మళ్ల సుద్దముక్కలదే" అన్నాడు. పాత రేడియోల్లోంచి పీకిన డయోడ్లతో ఎనిమిది వరుసలు అల్లాను. వరుసకో రవికగుడ్డ వివరం, ఒక బల్బు. రంగూ అంచూ మీటలతో అడిగితే, సరిపోని వరుసలన్నీ ఆరిపోయి సరిపోయిందొక్కటే వెలగాలి. కిటికీలోంచి వాలే ఎండలో టంకం పొగ మెల్లగా మెలికలు తిరుగుతుంటే, గది నాతోసహా నేల విడిచి తేలుతున్నట్టుండేది.

చూపించే రోజు "ఎరుపు, జరీ అంచు" అని మీటలు నొక్కాను. నాలుగో బల్బు వెలిగింది. ప్రిన్సిపాలు ముచ్చటపడి, "ఇంగోటి అడుగప్పా, పచ్చది" అన్నాడు. మళ్లీ నాలుగోదే. ఆయన చెయ్యి చాపి ఐదో బల్బు బిగించాడు. వెలిగింది. ఆరోది బిగించాడు. అదీ వెలిగింది. (ఒప్పుకుంటున్నాను. నాలుగోది తప్ప మిగతా ఏడింటినీ పొద్దున్నే వదులు చేసింది నేనే. నా చౌక డయోడ్లకు ఏ వరుసనూ ఆర్పే చేవ లేదు. ఏదడిగినా ఎనిమిదీ వెలిగేవి.) ఆయన అన్నీ బిగించి, ఆ పసుపు వెలుగులో ఎనిమిదింటినీ వేలుతో లెక్కపెట్టాడు. గది పోయినట్టేననుకున్నాను.

"నీ మిషనుకు శానా మొగమాటమప్పా. ఎవురినీ కాదనల్యాకుండాది. గది పెట్టుకో. వచ్చే యేడాదికన్నా కాదనేది నేర్పు."

నేర్పలేకపోయాను. ఇప్పుడు కళ్లజోడు ఏ గూట్లో పెట్టానో నాకే తెలియదు. కానీ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ముందు టంకం వాసన తగిలితే చాలు, ఆ గది, ఆ ఎండ, ఆ పెద్దాయన, అన్నీ ఒక్కసారే వెలుగుతాయి. వాటిలో జరిగిందేదో, నేను కల్పించిందేదో తేల్చమంటే మాత్రం, ఆ ఎనిమిది బల్బుల్లాగే అన్నీ అవుననే అంటాయి.