వెనకనుంచి చూడని భుజం

2022లో నేను చిక్కడపల్లిలో ఒక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. చేరింది రిసెప్షన్‌లో. లెక్కలంటే ఇష్టం కాబట్టి గోనియోమీటర్ వాడటం చూసి చూసి నేర్చుకున్నాను. అది రెండు పొడుగాటి పట్టీలున్న కోణమానిని. కీలు ఎన్ని డిగ్రీలు కదులుతోందో చెబుతుంది. మా ఫిజియోథెరపిస్ట్ మేడం నమ్మకం కుదిరాక కొలతలన్నీ నాకే అప్పగించారు.

ఆ ఏడాది నారాయణగూడ నుంచి శ్రీలత టీచర్ వచ్చారు. స్కూల్లో ఆటల టీచర్, మంచి వాలీబాల్ ప్లేయర్. నరం దెబ్బతిని ఆమె కుడి భుజం రెక్క ఎముక వీపునుంచి బయటికి పొడుచుకొచ్చేది. దీన్ని వింగింగ్ అంటారు. చెయ్యి భుజం ఎత్తు దాటదు. చాలాకాలం ఎదురుచూసినా నరం కోలుకోకపోవడంతో టెండన్ ట్రాన్స్‌ఫర్ చేశారు. అంటే ఛాతీ కండరంలో ఒక పాయను విడదీసి, దాని కొసను రెక్క ఎముకకు కుట్టడం. ఆరు వారాలు స్లింగ్‌లో చెయ్యి ఉంచి, మా దగ్గరికి వచ్చారు.

అసలు కష్టం అప్పుడే మొదలు. ఛాతీ కండరానికి తెలిసిన పని చేతిని దగ్గరికి లాగడం. ఇప్పుడది వీపున ఎముకను పట్టి ఉంచాలి. అందుకే ఆ కండరం బిగిసి ఉండేలా రెండు అరచేతుల మధ్య బంతిని నొక్కిపట్టి, ఆ నొక్కు వదలకుండా చేతులు ఎత్తించేవాళ్లం.

“మళ్ల సర్వీస్ కొడ్తనా అన్నా?” అని టీచర్ మొదటిరోజే అడిగారు. “పిల్లలకు చేసి చూపెట్టాలె. నోటితోని చెప్తే వాలీబాల్ వస్తదా?”

“ఆ సంగతి ఈ కొలత నంబరే చెప్తది, టీచర్” అన్నాను.

వారం వారం నంబర్ పెరిగింది. తొంభై, నూట నాలుగు, నూట ఇరవై. గ్రాఫ్ గీసి గోడకు అంటించాను. మేడం రెండు వారాలు సెలవులో ఉండగా నూట ముప్పై ఎనిమిది వచ్చింది. నా సంబరం అంతా ఇంతా కాదు.

మేడం తిరిగొచ్చి, టీచర్‌కు వీపు తెరిచి ఉండే గౌను వేయించి, వెనక నిలబడి చూశారు. వెంటనే నన్ను పిలిచారు.

“ఇది భుజం లేవడం కాదు, నడుము వెనక్కి వంచడం. దాంతో చెయ్యి ఎక్కువ లేచినట్టు కనిపిస్తోంది. ఎముక మళ్లీ పొడుచుకొస్తోంది. మీరు వీపు చూశారా?”

చూడలేదు. ఆడమనిషి వీపు వైపు చూడటం మర్యాద కాదని, వదులు కుర్తా మీద చున్నీ కప్పుకున్న టీచర్‌ను పక్కన నిలబడి, చేతిమీదే చూపు పెట్టి కొలిచాను.

టీచర్ తల దించుకున్నారు. “తెల్సే వంగిన అన్నా. నంబర్ పెరిగితే మీ మొఖం ఎంత ఖుష్ అయితదో! పెరగలేదని చెప్పనీకి మనసు రాలే.”

“నా మొఖం కోసం భుజం ఖరాబ్ చేస్కుంటరా?”

“మా పిల్లలు గూడ గంతే. నేను చూస్తుంటే కాలు నొస్తున్నా చెప్పరు, ఉరుకుతరు.”

అసలు కొలత నూట పన్నెండు. ఆరోజే గ్రాఫ్ తీసేశాను. టీచర్‌ను అడిగి, మేడం దగ్గరుండి చూపిస్తుంటే, వెనకనుంచి చూడటం నేర్చుకున్నాను. ఎముక లేవబోయిన చోటే చెయ్యి ఆపించేవాణ్ణి. కొన్ని వారాలు నంబర్ కదల్లేదు. ఒకరోజు ఆమె బంతి దించేసి, “ఇయ్యాల అయితలేదు అన్నా, నొస్తున్నది” అన్నారు. ఇక నొప్పి దాచరని నాకు ఆ మాటతో ధైర్యం వచ్చింది.

దాదాపు ఏడాదికి, మేడం సరేనన్నాక, టీచర్ నన్ను స్కూల్ గ్రౌండ్‌కు పిలిచారు. మొదటి సర్వీస్ నెట్‌కు తగిలింది. రెండోది జానెడు ఎత్తున నెట్ దాటింది. పిల్లలు అరుస్తుంటే ఆమె కుడి చెయ్యి ఇంకా పైనే ఉంచి నావైపు తిరిగారు.

“వెనకకు వచ్చి చూడున్రి, వంగిన్నా?”

వెళ్లి చూశాను. వంగలేదు.

మనల్ని సంతోషపెట్టాలని పేషెంట్ అబద్ధమాడితే పరికరమూ ఆ అబద్ధాన్నే చెబుతుందని ఆ కేసుతో తెలిసింది. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు “ఈ వారం ఏం చేయలేకపోయారు?” అని అడుగుతాను. వాళ్లు చెప్పడం పూర్తయ్యాకే కొలుస్తాను.