పందులు తిన్న చిరుత

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఇది: నా చిరుతపులిని చేనికి కాపలాగా ఇచ్చింది మా నాయన మీద ప్రేమతో కాదు, భయంతో. ఆ భయం వల్ల ఒక చిరుత ప్రాణం, సగం వేరుశనగ చేను, మా ఇంటి పరువు ఒకేసారి పోయాయి. తీరిగ్గా నవ్వుకోండి, నేను అడ్డురాను.

చిరుత అంటే బొంత. పాత చీరలతో మా అవ్వ కుట్టే బొంతలకు కళ తక్కువైందని నాకు అనిపించింది. ఫోన్లో వీడియోలు చూసి, బట్ట, రంగు, చేతికి దొరికినవన్నీ కలిపి 'మిక్స్‌డ్ మీడియా' చిరుతను మొదలుపెట్టాను. ఒంటికి ధర్మవరం పట్టు ముక్కలు, మీసాలకు చీపురు పుల్లలు, కళ్లకు కోటు బొత్తాలు, మచ్చలకు మసి పూసిన వేరుశనగ కాయలు. బొచ్చు మాత్రం కుదరలేదు. మైదా జిగురు నిలవలేదు. చివరికి బెల్లం పాకంలో గేదెకు పెట్టే వేరుశనగ చెక్క పొడి కలిపి మెత్తాను. అబ్బ, ఏం బొచ్చు! నిమిరితే గుర్రుమంటుందేమో అన్నట్టు వచ్చింది.

అవ్వ వంగి వాసన చూసింది. "ఏమే, ఇది కప్పుకునేదా, కొరుక్కుని తినేదా?"

"కళ అవ్వా."

"నీ కళకు చీమలు పట్టినాయి చూడు."

అప్పుడైనా నాకు బుద్ధి రావాలి కదా? రాలేదు.

దండెం మీద ఆరేసిన చిరుతను చూసి నాయన చేతిలో చెంబు వదిలేసి గడపదాకా వెనక్కి గెంతాడు. తేరుకున్నాక మురిసిపోయాడు. అనంతపురంలో చేతిపనుల ఎగ్జిబిషన్‌కు నా పేరు ఇచ్చివచ్చింది ఆయనే. అక్కడ బొంత పక్కన నిలబడి, వచ్చినవాళ్లందరికీ దాని గురించి చెప్పాలట. నేనా! మా ఊరొచ్చినా 'ఆపండి' అని అరవలేక, బస్సులో పక్క ఊరిదాకా పోయి నడిచొచ్చే మనిషిని.

అప్పుడే చేల మీద అడవిపందులు పడుతున్నాయి. వానలు మొహం చాటేసిన ఆ ఏడు మాకు మిగిలింది ఆ ఒక్క చేనే. పందులను బెదరగొట్టడానికి చేనుకు మూడు వైపులా పాత చీరలు కట్టాం. నాలుగోవైపుకు చీరలు చాల్లేదు.

"పాపా, ఎగ్జిబిషన్‌కు ఇంకా టైముండాది. అందాక నీ పులిని ఆ గట్టు మీద కట్టుకుందునా? పందులు శింగనమల దాటి పారిపోతాయి."

ఎండకూ గాలికీ బొంత పాడైతే ఎగ్జిబిషన్ తప్పుతుంది! నా గుండె గంతేసింది. ముఖం మాత్రం త్యాగమూర్తిలా పెట్టి, "ఎన్ని దినాలైనా ఉంచుకో నాయనా. మనకు చేను ముఖ్యం" అన్నాను.

ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ తలెత్తుకోలేను.

తెల్లవారి పోయి చూస్తే, చీరలున్న మూడు వైపులా ఒక్క ఆకు కదల్లేదు. చిరుత కాపలా ఉన్న వైపు నుంచే పందులు పెళ్లి విందుకు వచ్చినట్టు వచ్చాయి. ముందు పులిని తిన్నాయి. ఆ రుచి మరిగి చేను తవ్వాయి. బొత్తాలూ, తోకా మిగిలాయి.

పక్క చేను ఓబులేసు మామ కడుపు పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. "ఏమప్పా, పందులు పులిని తినేది యాడన్నా ఉండాదా? పాపా, ఈసారి పందిని కుట్టు. పులులొచ్చి తింటాయేమో చూస్తాం!"

"చీరలకే బెదిరేటివి, పులికి బెదరలేదేమే?" అన్నాడు నాయన నాతో.

"ధైర్యం గల పందులేమో నాయనా."

ఆయన తోకను చేతిలోకి తీసుకున్నాడు. వాసన చూశాడు. నాలుక కొనతో తాకించాడు. ఇంకోసారి తాకించాడు.

"బెల్లమా?"

"పాకం నాయనా."

"చెక్క?"

"కొంచెం."

అక్కడే, తవ్విపోసిన మట్టి సాక్షిగా, దిక్కులేని ఆ రెండు బొత్తాల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: వంటింట్లోంచి గానీ గేదె తొట్లోంచి గానీ ఏ పదార్థాన్నీ ఈ జన్మలో కళలోకి దించను.

నాయన చేను వైపు ఒకసారి చూశాడు. తర్వాత తోకను దులిపి, తువ్వాలులో చుట్టి నా చేతిలో పెట్టాడు.

"ఎగ్జిబిషన్‌కు దీన్నే తీస్కోని పోదాం పా. తక్కిన పులి యాడికి పాయెనో, అడిగినోళ్లకందరికీ నువ్వే నిలబడి చెబుదువు."