మా మామ కట్టిన మామిడి తురుము మిషిన్

ఆదివారం పొద్దున నేను ఉప్మా కలుపుతుంటే ముందు గదిలోంచి మా అత్తమ్మ అరిచింది. "ఓ బిడ్డా, మీ మామ పలుకుతలేడే!" మా మామ పలకకపోవడం మా ఇంట్లో వింతేమీ కాదు. బతుకంతా సాంచాల మధ్య గడిపిన మనిషికి చెవులు ఏం మిగులుతాయి? మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అంటాం. "జర గట్టిగ పిలువు అత్తమ్మా" అన్నాను. ఆమె గట్టిగానే పిలిచింది. పక్కింటివాళ్లు కూడా లేచి వచ్చారు. ఆయన మాత్రం లేవలేదు.

ఆయన సాంచాలు బాగుచేసే మేస్త్రి. వినపడదు కాబట్టి అందరికీ వినపడేలా మాట్లాడేవాడు. మా ఇంట్లో గుట్టు అన్నది నిలిచేదే కాదు. "గ్యాస్ అయిపోయిందట గదా" అని ఆయన నా చెవిలో చెప్పినా వాడకట్టు మొత్తానికి తెలిసిపోయేది. నడిచే మిషిన్ ఏది కనపడినా, పిల్లల ఒళ్లు కాలుతోందా అని చూసినట్టు దాని మీద చెయ్యి పెట్టేవాడు. మిక్సీ, ఫ్రిజ్, చుట్టాల కొత్త బండి, ఏదీ వదల్లేదు. ఉతకడానికి వేసిన ఆయన చొక్కా జేబులో ఓ స్క్రూ అయినా ఉండాల్సిందే. నేను గొణిగితే నవ్వేవాడు. "మిషిన్‌కు కోపం రాదు బిడ్డా, మనకే అస్తది" అనేవాడు.

నేను కోరుట్ల పిల్లను. మా నాన్న బుగ్గారం దిక్కు మామిడితోటలు గుత్తకు పట్టేవాడు. పెళ్లయిన కొన్నేళ్లకు ఒక వేసవిలో, కాయ కోతకు రాకముందే గాలిదుమారం లేచి రాళ్లవాన కొట్టింది. మర్నాడు నాన్న ఫోన్ చేశాడు. "బిడ్డా, తోట మొత్తం కిందనే ఉన్నది" అన్నాడు. అంతే, పెట్టేశాడు. రాలిన పచ్చికాయను జగిత్యాల మార్కెట్లో అడిగే నాథుడు లేడు. సాయంత్రానికి అమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. నాన్న తోటలోనే కూర్చున్నాడట, ఇంటికి రానంటున్నాడట, అన్నం ముట్టడం లేదట. పంట పోయిన మనిషి ఒంటరిగా కూర్చుంటే మా వైపు ఇళ్లలో ఏ భయం పుడుతుందో చెప్పనక్కర్లేదు. అన్నం తింటున్న మామకు ఆ మాట చెప్పాను.

మామ అన్నం ముందు నుంచి లేచాడు. "తురుమి తొక్కు పెడితె ఎవ్వలు కొనరు? మిషిన్ నేను చేస్త" అన్నాడు.

"గన్ని కాయలు ఎవ్వలు తురుముతరయ్యా, నీకేమన్న పిచ్చా?" అంది అత్తమ్మ.

"మిషిన్ చేస్త అంటున్న గదనే, నీకు కూడ చెవుడు అచ్చిందా?"

మర్నాడు తెల్లారగానే డీసీఎం వ్యాను మాట్లాడుకుని వెళ్లాడు. మధ్యాహ్నానికి వాకిట్లో కాయల బస్తాలు దిగాయి. ముందు సీటులోంచి మా నాన్న దిగాడు, మాసిన గడ్డంతో. బిడ్డ ఇంట్లో ఒక పూట కంటే ఎక్కువ ఉండని మనిషి! ఎలా తెచ్చావు మామా అని వంటింట్లోకి పిలిచి అడిగాను. "కాయ గురించి నాకేం ఎరుక? ముదురేదో లేతేదో చూసెటందుకు నువ్వు రాకుంటె కాయ ముట్ట అన్న" అన్నాడు. మెల్లగానే అన్నాననుకున్నాడు. నాన్నకు వినపడే ఉంటుంది.

అప్పుడు మొదలైంది పని. పాత టేకు మొద్దును వడ్రంగి దగ్గర గుండ్రంగా తిప్పించాడు. దాని చుట్టూ స్టీలు స్క్రూలు వరసలుగా దిగ్గొట్టి, తలలు కాస్త పైకి ఉంచాడు. ఇనుము తగిలితే పులుపుకు తురుము నల్లబడుతుందని చెప్పింది మా నాన్నే. మొద్దును చెక్కపెట్టెలో బిగించి, పైన నూనెడబ్బా అడుగు కోసి బోర్లించి గరాటులా పెట్టాడు. మూలన పడేసిన సాంచ మోటారుకు బెల్టు తగిలించాడు. మేము టెంక తీసి ముక్కలు వేస్తుంటే కింద టబ్బులో పచ్చటి తురుము సన్నగా రాలింది. నేను చప్పట్లు కొట్టాను. నాన్న చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. ముఖం అదోలా పెట్టాడు.

"బావా, సాంచ తిన్నట్టున్నది" అన్నాడు.

మామ చేసిన ఘనకార్యం అప్పుడు బయటపడింది. పొద్దున సాంచ మొదలుపెట్టేముందు ప్రతి కీలుకూ నూనె చుక్క వేయడం ఆయనకు అలవాటు. దీనికీ వేశాడు! ఆ కంపునూనె కారి తురుములో కలిసింది. టబ్బు టబ్బంతా పారబోశాం. పాపం, ఆయన మా నాన్న వైపు చూడలేక స్క్రూడ్రైవర్ పట్టుకుని నేల గీస్తూ కూర్చున్నాడు. నాన్న ముందు ముక్కుతో నవ్వాడు. తరువాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "మిషిన్‌కు సుత పొద్దుగాల చాయ్ తాపినవా బావా!" అన్నాడు. గాలివాన తర్వాత మా నాన్న నవ్వడం అదే మొదటిసారి. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఇద్దరూ కూర్చుని బేరింగులు పీకేశారు. వేప కట్టెతో బుష్షులు చెక్కి, నువ్వుల నూనె రాసి బిగించారు. ఆపైన మిషిన్ ఆగలేదు. కారం, మెంతిపిండి, ఆవపిండి కలిపేది నేనూ అత్తమ్మా. సాంచాల కార్మికులు, హోటళ్లవాళ్లు, చందుర్తి నుంచి వచ్చిన చుట్టాలు, అందరూ పట్టుకెళ్లారు. నష్టమంతా పూడిందని అనను. కానీ బస్తాలు ఖాళీ అయ్యేదాకా నాన్న మా ఇంట్లోనే తిన్నాడు, మా వరండాలోనే పడుకున్నాడు. మరుసటేడు మళ్లీ తోట పట్టాడు.

మామ ఆ సంగతి ఎన్నడూ గొప్పగా చెప్పుకోలేదు. ఎవరైనా అడిగితే, "పోగు తెగితె తిట్టుకుంట కూసుంటమా? ముడేసి నడిపిస్తం" అనేవాడు. తొక్కు కోసమే మిషిన్ చేశాడని లోకం అనుకుంటుంది. ఆయన చేసింది మా నాన్నను తోటలోంచి లేపడానికి. నాకు తెలుసు. మామా, నీకు సరిగ్గా వినపడేలా ఈ ముక్క ఒక్కసారైనా అరిచి చెప్పి ఉండాల్సింది.

పదకొండోనాడు భోజనాలు పెట్టాం. వియ్యంకుడంటే బంతిలో కూర్చుని మర్యాద చేయించుకోవాల్సిన మనిషి. మా నాన్న చొక్కా చేతులు మడిచి, ఏటా ఆ మిషిన్‌తోనే పెట్టే తొక్కు బకెట్ అందుకున్నాడు. "నువ్వు కూసో అన్నా, మేం వడ్డిస్తం" అని అత్తమ్మ లాక్కోబోతే ఇవ్వలేదు. నడుము వంచి విస్తరి విస్తరికీ వేస్తూ పోయాడు. "వేసుకోండ్రి, మా బావ మిషిన్‌ల తురిమింది" అని ఒక్కొక్కరికీ చెప్పాడు. నా దగ్గరికి వచ్చేసరికి గరిటె పక్కకు పోయి తొక్కు విస్తరి దాటి నేల మీద పడింది. నాన్న బకెట్ కింద పెట్టి, గొంతుక్కూర్చుని, ఆ పడినదాన్ని వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాడు.