పచ్చి జీడిపిక్కలు, నా అటెండెన్సు

పలాసలో పుట్టినవాళ్లు రోజూ జీడిపప్పు కూరే తింటారని మీకెవరు చెప్పారండీ? చెప్పినవాళ్లని ఒకసారి నా ఎదురుగా కూర్చోబెట్టండి. తినడం మాట దేవుడెరుగు, ఆ కూర మీద ఆశపడ్డ పాపానికి నిన్న నా మొహం నాది కాదని ఒక ఫోన్ తేల్చేసింది.

జరిగింది చెప్తాను, తీర్పు మీరే చెప్పండి.

టెక్కలిలో ఒక ఫైనాన్స్ ఆఫీసులో చేరాను. ఇంకా ప్రొబేషనే. ఉన్న సెలవులన్నీ జ్వరం తినేసింది. ఇంకొక్క ఆబ్సెంటు పడితే పర్మనెంటు సంగతి మర్చిపొమ్మన్నారు. మా అమ్మేమో అమ్మమ్మకి కంటి ఆపరేషన్ అయిందని నౌపడలో ఉండిపోయింది. అప్పట్నుంచి పొద్దున బస్‌స్టాండ్ ఇడ్లీ, ఇంటికొచ్చాక నూడుల్స్. నాలుక ఒకటే పాట: అమ్మ చేసే పచ్చి జీడిపప్పు కూర. లేత పప్పు, ఉల్లిపాయ, కాస్త కొబ్బరి, అంతే.

ఆదివారం చర్చి అయ్యాక నాన్న ఊళ్లో మా తోటకెళ్లి ఓ సంచెడు పచ్చి జీడిపిక్కలు తెచ్చాడు. తెచ్చినాయన ఒలవచ్చు కదా? తెచ్చి నా ల్యాప్‌టాప్ పక్కన పెట్టాడు.

"నువ్వే అన్నావు గదమ్మా, తినాలనుందని."

"నాన్నా, ఆదివారమైనా నాకు ఆన్‌లైన్లో ఆఫీసు మీటింగుంది."

"మీటింగు సెవులతో కదా. సేతులు ఖాళీయే గదా."

కాలేజీ డిబేట్లలో ఎంతమంది నోళ్లు మూయించానో నాకే తెలీదు. ఈ పాయింటు మాత్రం నాన్నకే ఇచ్చేశాను. మీటింగు చెవిలో నడుస్తుండగా కత్తి పట్టి పిక్కలు చీల్చడం మొదలుపెట్టాను.

మధ్యలో అమ్మ ఫోను.

"సేతులకి నూనె రాసుకున్నావేటే? పచ్చి పిక్క. తొక్కలో సొన కాల్సెత్తాది."

"నూనె రాసుకుంటే కీబోర్డు ఏమవుతుందమ్మా?"

"కీబోర్డు వండుకుంటావేటి? రాసుకోవే."

"అమ్మా, ఒక్క లాజిక్ విను..." అని మొదలుపెట్టి, ఆవిడ విసిగి ఫోన్ పెట్టేసేదాకా వాదించాను. గెలిచాను కూడా.

గెలిచిన చేత్తోనే చెమట తుడుచుకున్నాను. మేనేజరు గారు ఎక్సెల్ షీటు మీద పాఠం చెప్తుంటే అదే చేతిని గడ్డం కింద పెట్టుకుని శ్రద్ధగా విన్నాను. నిద్రొస్తే కళ్లు నలుపుకున్నాను.

కూర దించేసరికి మొహమంతా మంట. పెదవులు ఉబ్బాయి. ఒక్క ముద్ద నోట్లో పెడితే నిప్పు పెట్టినట్టయింది. కొబ్బరినూనె పూసుకుని నేను మంచమెక్కితే, నాన్న గిన్నె ఊడ్చేసి, చెయ్యి కడుక్కుంటూ అన్న మాట వినండి.

"బాగుంది గానీ, ఉప్పు సిటికెడు తక్కువైందమ్మా."

పొద్దున అద్దంలో ఎవరో ఉన్నారు. కళ్లు రెండు గీతలు, బుగ్గలు రెండు బూరెలు. సెలవు పెట్టే దారి లేదు కాబట్టి చున్నీ చుట్టుకుని బస్సెక్కాను. మా ఆఫీసులో ఫోనుకి మొహం చూపిస్తేనే అటెండెన్సు. చూపించాను. సరిపోలలేదంది. చున్నీ తీశాను, కళ్లజోడు తీశాను, చివరికి నవ్వాను. ఆ నవ్వుకి యాప్ మూతపడింది.

మేనేజరు గారి దగ్గరికెళ్లాను. ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు.

"ఎవరు కావాలమ్మా?"

"నేనే సార్. గొంతు గుర్తుపట్టండి." జరిగిందంతా చెప్పాను.

"పలాస పిల్లవి, జీడి సొన సంగతి తెలీదా?"

"మీది వైజాగు కదా సార్. సముద్రంలో ఈదగలరా?"

పాయింటు నాదే. కానీ అటెండెన్సు రాలేదు. ఆధార్ కార్డు తీశాను. అందులో ఫోటో మామూలు రోజుల్లోనే నాలా ఉండదు. మనిషిని ఎదురుగా పెట్టుకుని ఫోన్ని నమ్ముతారేంటి సార్ అంటే, "నేను ఒప్పుకుంటానమ్మా, సిస్టం ఒప్పుకోదు" అన్నారు. నా మొహం నాదేనని నిరూపించుకోమనే టాపిక్ ఏ డిబేట్లోనూ ఇవ్వలేదండీ నాకు.

చివరికి ఆయనే హెడ్డాఫీసుతో మాట్లాడి, కొత్త ఫోటో ఎక్కించడానికి పర్మిషన్ తెచ్చారు. గోడకి ఆనించి నిలబెట్టి, ఆ బూరెల మొహాన్నే ఫోటో తీసి ఎక్కించారు. మళ్లీ చూపిస్తే టింగుమని పడింది అటెండెన్సు. ఉద్యోగం నిలబడిందని నా సీట్లో కూర్చుని, ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు చెప్పారు సార్, తాపీగా. ఫోటో మార్చడం ఏడాదికి ఒక్కసారేనట.

వాపు తగ్గిపోతోంది. ఈ పొద్దున ఒక కన్ను పూర్తిగా తెరుచుకుంది. యాప్ నన్ను చూసి చాలాసేపు అనుమానించి, పోనీలే అన్నట్టు ఒప్పుకుంది. రేపటికి నా సొంత మొహం తిరిగొచ్చేసిందంటే ఆబ్సెంటు ఖాయం. కాబట్టి మా పలాస చుట్టుపక్కల ఉద్దానంలో ఎవరి తోటలో పచ్చి పిక్కలున్నా, పొద్దున బస్సు టైముకల్లా ఓ పిడికెడు నాకు పంపండి. కూరకి కాదు, మొహానికి.