చీర గార్డు

మొన్న మధురవాడ ఆఫీసులో నేను గీసిన మోటార్‌సైకిల్ బొమ్మ మీద మేనేజర్ ఎర్ర స్కెచ్‌పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు.

"వెనక చక్రం పక్కన ఈ చీర గార్డు తీసేయండి మేడం. టీవీ యాడ్‌లో రేసు బండిలా కనబడాలి."

ఒళ్ళు మండిపోయింది.

చిన్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. టీవీలో రేసు బళ్ళు మలుపుల్లో నేలకి ఒరిగిపోయి మరీ దూసుకుపోయేవి. ఒక్కదానికీ చీర గార్డు లేదు. మా నాన్న బండి నత్తలా పోయేది ఆ ఇనప చట్రం వల్లేనని తేల్చేసుకుని, ఓ ఆదివారం పొద్దున్నే స్పానరుతో విప్పి మంచం కింద దాచేశాను. చర్చికి వెళ్ళే తొందరలో నాన్న చూసుకోలేదు. మద్దిలపాలెం జంక్షన్లో అమ్మ చీర చక్రంలో చుట్టుకుపోయి, అమ్మ రోడ్డు మీద పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది.

"గార్డేటి సేసేవే?" నాన్న అరిచాడు.

"రేసు బళ్ళకి ఉండదు కదా నాన్నా!"

అమ్మ ఆ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేదు.

మేనేజర్ కొట్టేసిన ఆ ఎర్ర గీత మీదే గార్డు మళ్ళీ గీశాను, ఈసారి ఇంకా పెద్దది. నాన్న బండి గార్డు విప్పినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఈయనకేం మాయరోగం?