బోరింగు దగ్గర చూసింది

వీరులపాడు దగ్గర ఒక ఊళ్ళో ఎవరు తగువు పడినా భారతీదేవిని పిలిచేవారు. ఆమె తీర్పులేమీ చెప్పదు. మాట మళ్ళిస్తుంది, అంతే. గట్టు తగాదాలో అన్నదమ్ములు కర్రలు తీసిన రోజున కూడా, "ఏం అబ్బాయ్, మీ గేదె ఈనిందటగా, జున్నుపాలకి మేం పనికిరామా?" అని ఇద్దర్నీ నవ్వించి ఇంటికి పంపింది. చదువు మూడో తరగతితో ఆగినా ఆ ఒక్క విద్యతో అత్తవారింట్లో నెగ్గుకొచ్చింది.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో ఆమె ఇంటి ఎదురుగా బోరింగు వేశారు. అంతకుముందు ఊరికి మంచినీళ్ళ బావి ఒక్కటే. ఊరి బయటి పల్లెవాళ్ళు బావి ముట్టకూడదు. పల్లె ఆడవాళ్ళు బిందెలతో ఎడంగా నిలబడితే, ఊరివాళ్ళెవరైనా దయతలచి చేదిపోసేవారు. బోరింగుకి ఆ పద్ధతి కుదరదు. ఎవరి నీళ్ళు వాళ్ళే పిడి పట్టుకుని కొట్టుకోవాలి.

ఓ పొద్దున పున్నమ్మ ఆ పిడి పట్టింది. ఏటా భారతీదేవి చేలో మిరపకాయ కోతకి పల్లె నుంచి కూలీలను వెంటబెట్టుకొచ్చే మనిషి ఆమె.

భారతీదేవి మరిది చిన్నబాబు అప్పుడే అటు వచ్చాడు. "నువ్వు పట్టిన పిడి మా ఆడాళ్ళు పట్టాలటే?" అంటూ పిడి మీదున్న చేతిని చేతికర్రతో కొట్టాడు. బిందె తన్నాడు. అరుగు మీద కూర్చుని ఎండుమిరపలో తాలుకాయలు ఏరుతున్న భారతీదేవి అంతా చూసింది.

మధ్యాహ్నం పున్నమ్మ దొడ్డివైపు వచ్చి నిలబడింది. మణికట్టు బూరెలా పొంగింది.

"అమ్మగారూ, సాయంత్రం మీ అరుగు మీదే పంచాయితీ అంట. నేనే ఆయన మీదికి పోయానని చిన్నబాబుగారు చెబుతున్నారు. మీరు చూశారుగా, చూసిందే చెప్పండి. లేకపోతే మమ్మల్నిక బోరింగు కాడికి రానివ్వరు."

"అయ్యో, ఎంత వాచిందే! ఉండు, పసుపూ సున్నం తెస్తా."

"చెయ్యి సంగతి తర్వాతమ్మా."

"మా మరిది సంగతి నీకు తెలియందా? నోరేగానీ మనసు వెన్న."

"కొట్టింది నోటితో కాదుగదమ్మా."

"అయినా మీలో మీకు మాత్రం లేవటే ఎక్కువ తక్కువలు? మా ఇంట్లో నిన్నెప్పుడైనా పరాయిదానిలా చూశామా? కిందటేడు నీ కూతురి పెళ్ళికి చీర పెట్టలా?"

పున్నమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "పెట్టారమ్మా. నేనడిగింది చీర సంగతి కాదు," అని వెళ్ళిపోయింది.

సాయంత్రం అరుగు నిండిపోయింది. పల్లెవాళ్ళు కింద వీధిలో నిలబడ్డారు. భారతీదేవి భర్త వరప్రసాదరావే పెద్దమనిషి. పక్కన బడి మాస్టారు కుటుంబరావు. వరప్రసాదరావు గుమ్మం వైపు తిరిగాడు.

"భారతీ, పొద్దున నువ్విక్కడే ఉన్నావుగా. ముందు చెయ్యి ఎత్తింది ఎవరు?"

చిన్నబాబు తల వంచుకున్నాడు. వీధిలోంచి పున్నమ్మ తల ఎత్తింది. నిజం భారతీదేవి నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, అలవాటైన దారే పట్టింది.

"ఈ ఎండకి ఎవరికి ఒళ్ళు తెలుస్తోందండీ? అందరికీ గొంతులు ఎండిపోయినట్టున్నాయి. ముందు మజ్జిగ తాగండి."

"మా వదిన ఉండగా పోలీసులెందుకూ!" అని చిన్నబాబే ముందు నవ్వాడు. అరుగంతా నవ్వింది. గ్లాసులు ఖాళీ అయ్యేసరికి తప్పు ఇద్దరిదీ అయింది. ఊరివాళ్ళు నీళ్ళు పట్టుకున్నాకే పల్లెవాళ్ళు బోరింగు దగ్గరికి రావాలని తేల్చారు. ఎండాకాలంలో ఊరివాళ్ళు పట్టుకోవడం ఎప్పటికి అయ్యేను?

పున్నమ్మ విరిగిన మణికట్టు వంకరగా అతుక్కుంది. కాయ కోయడానికి వేళ్ళు వంగలేదు. కోతలకి ఇంకెవరో కూలీలను తీసుకొచ్చారు. వాళ్ళు చేలోకి దిగినప్పుడల్లా భారతీదేవి మొహం తిప్పుకునేది. పొద్దున్నే ఎదురుగా బోరింగు కీచుమంటే అన్నం గిన్నె మీద మూత అదేపనిగా సర్దేది. మొగుడితో చెబుదామనుకుంటూనే ఏళ్ళు గడిపేసింది.

ఎనభై ఆరులో ఒకనాటి సాయంత్రం ఉండబట్టలేక పల్లెకి నడిచింది. కాపురానికి వచ్చాక ఆ వీధిలో అడుగుపెట్టడం అదే మొదలు. పున్నమ్మ వాకిట్లో ఎడమచేత్తో చేట చెరుగుతోంది. లేచి నులకమంచం వాల్చింది.

"ఆ రోజు నేను చూశానే పున్నమ్మా. ముందు కొట్టింది మావాడే. చెప్పలేకపోయా," అంది భారతీదేవి.

"నాకెందుకమ్మా చెప్పటం? దెబ్బ తిన్నది నేనేగా, నాకు తెలియకనా?" పున్నమ్మ మళ్ళీ చేట అందుకుంది. "తెలియాల్సింది ఆ అరుగు మీదోళ్ళకి."

ఇంటికొచ్చేసరికి అరుగు మీద వరప్రసాదరావు, చిన్నబాబు, కుటుంబరావు మాస్టారు పత్తి ధర మాట్లాడుకుంటున్నారు. భారతీదేవి మెట్టు మీదే ఆగింది.

"ఏవండీ, ఆనాడు బోరింగు దగ్గర చిన్నబాబే ముందు కొట్టాడు. పున్నమ్మ ఏమీ అనలేదు. నేను చూశా."

వరప్రసాదరావు కళ్ళజోడు తీశాడు. "ఎప్పటి సంగతే అది? ఇప్పుడెందుకు?"

"వదినకి ఎండదెబ్బ తగిలినట్టుంది," అన్నాడు చిన్నబాబు.

"ఆ మాటకొస్తే ఇప్పుడవన్నీ ఎక్కడున్నాయమ్మా? అందరం కలిసి ఉంటున్నాంగా," అని మాస్టారు నచ్చజెప్పాడు. "ఏదీ, నీ చేతి కాఫీ తాగి ఎన్నాళ్ళయిందో!"

ఆ మాటలన్నీ ఆమెకి తన నోటి మాటల్లాగే వినిపించాయి. కాళ్ళు వంటింటివైపు లాగుతున్నా మెట్టు దిగలేదు, ఎక్కలేదు.

"చిన్నబాబే ముందు కొట్టాడు," అంది మళ్ళీ.